ముదిమిలో పలువరుస

పండ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పండ్లు లేవు అని తెలుగువారి సామెత. సుఖమునకును దానిని అనుభవించు శక్తికిని లోకములో పొందిక కుదరదని చెప్పుటకు పెద్దలు ఈ మాటను వాడుదురు. అందలి వేదాంతమును అందరును మెచ్చుకొనిరే గాని, అందు దాగియున్న పొరపాటును గమనించినవారు అరుదు. ఇంట శనగలు సమకూరు వయసు వచ్చునప్పటికి పండ్లూడిపోవుట ప్రకృతి ధర్మమని సామెత ముందుగనే ఒప్పుకొనుచున్నది. తల నెరసినట్లే, చర్మము ముడుతలు పడినట్లే దంతములును రాలిపోవునని మన సమాజము తరతరములుగ నమ్మినది. ఈ నమ్మకము నిజము కాదు. వెండ్రుక నెరయుట వయసు పని. పన్ను ఊడుట చాలవరకు రోగము పని. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే మన పల్లెలలో ముసలివారి నోటి సంగతి ఎవరికిని పట్టనిదైనది.

కదిరినుండి మదనపల్లెకు పోవు దారిలో నల్లచెరువు అను మండల కేంద్రము కలదు. 2022 ఏప్రిల్ వరకు అది అనంతపురము జిల్లాలోనిది. అటుపిమ్మట పుట్టపర్తి కేంద్రముగ ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఊరి పేరులో చెరువున్నను ఆ సీమ నీటి కరవునకు పేరు పడినది. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే. అక్కడి మెట్టనేలలకు ఆధారమైన పంట వేరుసెనగ. జనుల నోట దాని పేరు చెనిక్కాయ. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానమునుండి వెలువడిన కదిరి-6 మొదలగు వంగడములు ఇతర రాష్ట్రములకును వ్యాపించినవి. సామెతలోని శనగలకు బదులు చెనిక్కాయలను ఉంచినచో అది ఈ ప్రాంతపు రైతు కథయే యగును. జీవితమంతయు చెనిక్కాయ పండించి, డెబ్బదియవ యేట వేయించిన నాలుగు గింజలు నమలలేక, రోట దంచి పెట్టుమని కోడలిని అడుగవలసిన తాత ఏ ఊరిలో లేడు?

అయినను ఈ లోపము పైకి కనబడదు. అందుకు ఒక కారణము అక్కడి తిండియే. రాయలసీమ శ్రమజీవుల ఆహారము రాగిసంగటి. సంగటిని నములుట అక్కడి అలవాటు కాదు. వేళ్ళతో చిన్న ముద్ద చేసి, పప్పులోనో ఊరుబిండిలోనో అద్ది మ్రింగుదురు. కాబట్టి నోట ఒక్క దంతము లేని అవ్వయు తక్కినవారితోపాటు కూర్చుండి భోజనము ముగించును. ఆమె ఆకలి తీరినదని ఇంటివారు తృప్తి పడుదురు. కాని ఆమె పళ్ళెమునుండి తొలగిపోయినవేవో ఎవరును లెక్క పెట్టరు. ముందు జొన్నరొట్టె పోవును. తరువాత అలసంద గుగ్గిళ్ళు పోవును. అటుపిమ్మట పచ్చి కూరగాయలు, జామకాయ, మాంసము. తుదకు మిగులునవి సంగటి, మెత్తని అన్నము, తేనీటిలో ముంచిన బిస్కట్టు. కడుపు నిండును గాని, దేహమునకు కావలసిన మాంసకృత్తులు, పీచు, విటమినులు తగ్గిపోవును. కండ కరగి, మలబద్ధకము కలిగి, నడకలో తూలు వచ్చినప్పుడు ఇంటివారు వయసు మీద పడినదందురు. ఆ నెపములో సగము నోటికి చెందవలసినదని వారికి తోచదు.

దంతము ఎట్లు నశించునో తెలిసికొన్నచో దానిని ఎట్లు నిలుపుకొనవచ్చునో తెలియును. పన్నును పురుగు తొలుచునని పూర్వము ప్రపంచమంతటను నమ్మిరి. మన ఊళ్ళలో పొగ వేసి పంటి పురుగును రాల్చెదమను వారును ఉండిరి. ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన తన దంతవైద్య గ్రంథములో ఈ పురుగు సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. 1890లో అమెరికా దేశీయుడైన విలబీ మిల్లర్ అసలు కారణమును వివరించెను. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండిపదార్థమును పులియజేసి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పన్నుపైనున్న పింగాణివంటి పొరను కరగించును. ఇది పిప్పిపన్ను కథ. రెండవ శత్రువు చిగుళ్ళ వ్యాధి. పంటి మొదట చేరిన పాచి గట్టిపడి గారగా మారును. ఆ గారను ఆశ్రయించిన సూక్ష్మజీవులవలన చిగురు వాచి, నెత్తురు కారి, క్రమముగా వెనుకకు జరుగును. పన్నును పట్టియుంచిన ఎముక తరుగును. అప్పుడు ఏ పుచ్చును లేని పన్ను కూడ కదలి ఊడును. నొప్పి లేకుండ ఏండ్ల తరబడి సాగు వ్యాధి కాబట్టి ఊడిననాడు అది వయసు మహిమవలె కనబడును.

ముదిమిలో ఈ రెండు వ్యాధులును విజృంభించుటకు కారణములు కలవు. చిగురు జరిగిన చోట పంటి వేరు బయట పడును. వేరుపై పింగాణి పొర ఉండదు. దానిని కప్పియున్న పదార్థము మెత్తనిది. అందుచేత అరువది దాటినవారికి పంటి తలమీద గాక మొదటిలో పుచ్చు పుట్టుట సాధారణము. నోటిని అనుక్షణము కడుగుచు, ఆమ్లపు తీక్ష్ణతను తగ్గించుచు ఉండునది లాలాజలము. రక్తపోటునకును, మనోవ్యాకులతకును, ఎలర్జీకిని వాడు మందులలో పలువిధములైనవి ఆ ఊటను ఎండగట్టును. రాత్రివేళ నాలుక పిడచగట్టుచున్నదని ముసలివారు చెప్పుకొను బాధ ఇట్టిదే కావచ్చును. చేతులు వణకువారికి పళ్ళు తోముకొనుట కష్టము; చూపు మందగించినవారికి మిగిలిన పాచి కనబడదు. ఇక చక్కెర జబ్బు, చిగుళ్ళ వ్యాధి ఒకదానినొకటి పోషించు జంట. చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ళు చెడును. చిగుళ్ళు చెడినచో చక్కెర అదుపునకు రాదు.

నల్లచెరువు చుట్టుపట్ల సీమలో ఈ కథకు మరియొక అధ్యాయము చేరును. పూర్వపు అనంతపురము జిల్లాలో పలుచోట్ల భూగర్భజలములలో ఫ్లోరైడు మోతాదు మించియుండును. నల్లరాతి పొరలనుండి ఆ లవణము నీటిలోనికి ఊరును. వానలు తప్పి బోరుబావులు లోతునకు దిగినకొలది ఈ బాధ హెచ్చును. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. మన దేశములో ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ వర్ణన తెలుగు నేలనుండియే వెలువడినది. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును 1937లో దానిని ప్రకటించిరి.

ఫ్లోరైడు మచ్చ పంటికి పడుటలో ఒక విశేషము కలదు. దంతము చిగురులోపల రూపొందుచున్న కాలములో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపల, త్రాగిన నీరే ఆ మచ్చను వేయును. తరువాత ఎంత త్రాగినను ఎముకలకు చేటు గాని, ఏర్పడిన పంటికి కొత్త మచ్చ రాదు. అనగా డెబ్బదియేండ్ల తాత ముందుపళ్ళమీది గోధుమవన్నె చారలు ఆయన బాల్యమున ఊరి బావి నీరు వ్రాసిన శాసనము. అది అశుభ్రత కాదు. ఈ సంగతి ఎరుగక ఆ మచ్చను పోగొట్టుకొనుటకు ఇటుకపొడితోను, బొగ్గుతోను, ఇసుక కలిసిన ఉప్పుతోను ఏండ్ల తరబడి రుద్దినవారు కలరు. మచ్చ పోలేదు, పంటి పొర అరిగి, చన్నీటికిని వేడినీటికిని జివ్వుమను బాధ మాత్రము మిగిలినది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901 మొదలుకొని ఇట్టి మచ్చలను పరిశీలించి, మచ్చలున్న పళ్ళకు పుచ్చు తక్కువని గుర్తించెను. కారణము ఫ్లోరైడని 1931లో తేలినది. మితమైనచో పన్నును కాచును. మించినచో పన్నును ఎముకను చెరచును. పెద్దలు ఫ్లోరైడు కలిసిన పేస్టుతో తోముకొని ఉమ్మివేయుటవలన మేలే కలుగును. మించిన ఫ్లోరైడు గల నీటిని మానవలసినదే.

దంతవైద్యునియొద్దకు పోనీయక కాళ్ళకు అడ్డుపడునవి రెండు అపోహలు. పై దవడ పన్ను తీయించినచో కన్ను పోవునన్నది మొదటిది. కంటిచూపునకు సంబంధించిన నరము వేరు; పంటికి స్పర్శనిచ్చు నరము వేరు. పండ్లు తీయించుకొను వయసును, కంట శుక్లము ముదురు వయసును ఒక్కటే అగుటచేత, వరుసగ వచ్చిన రెండు కీడులలో మొదటిదానిని రెండవదానికి కారణముగ లోకము ఎంచినది. ఈ భయముచేత చీము పట్టిన పన్నును నోటనుంచుకొని ముఖము వాచువరకు ఓర్చుకొను వృద్ధులు నేటికిని కలరు. గార తీయించినచో పండ్లు వదులగునన్నది రెండవ అపోహ. వదులైన పండ్లను ఇన్నాళ్ళును గారయే గట్టిగా ఉన్నట్లు చూపినది. దానిని తొలగింపగానే లోపలి నిజము బయట పడును. గార ఉన్నంతకాలము చిగురునకు ఆరోగ్యము రాదు.

అపోహలకన్న ప్రమాదకరమైనది ఆకువక్కలతో దవడన ఉంచుకొను పొగాకు. చేలో కలుపు తీయుచు ఆకలిని మరచుటకు దానిని అలవరచుకొన్న స్త్రీలు ముదిమిలో విడువలేరు. పొగాకు లేకున్నను వక్క తానుగా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటములో నిర్ణయించెను. తెలుగునాట ఉత్తరపు కొనన, శ్రీకాకుళము జిల్లాలో, చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో విశేషముగ ఉండెను. 10,169 మంది గ్రామస్థుల అంగిలిని పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన ఆ అలవాటువలని కీడును లోకమునకు తెలిపినది. నల్లచెరువు అవ్వకు అడ్డపొగ తెలియకపోవచ్చును. కాని దవడలోని పొగాకు ఉండ చేయు పనియు అట్టిదే. రెండు మూడు వారములకు మానని పుండు, తుడిచినను పోని తెల్లని లేక ఎర్రని పొర, నోరు తెరచుటకు బిగువు, కారణము లేక ఒక చోట గడ్డ కనబడినచో జాగు చేయరాదు. నొప్పి లేదుకదా యని ఊరకుండుటయే ఈ వ్యాధి విషయమున ప్రాణాంతకము.

పండ్లు పోయినవారికి పోవునది తిండి యొక్కటే కాదు. తెలుగు వ్యాకరణము త, థ, ద, ధ, న, ల, స అను వర్ణములను దంత్యములనినది; వకారమును దంత్యోష్ఠ్యమనినది. చకార జకారములకు తాలవ్యమని దంత్యమని రెండు ఉచ్చారణలు మన భాషలో కలవు. చిన్నయసూరి 1858నాటి బాలవ్యాకరణములో ఈ భేదమును నిరూపించెను. చేప అనునప్పటి చకారమునకును, చాప అనునప్పటి చకారమునకును గల తేడా వినినవారికి తెలియును. ముందుపళ్ళు లేనివారి నోట ఈ అక్షరములలో గాలి జారిపోవును, మాట చెదరును. రెండుమారులు చెప్పినను మనుమడు ఏమన్నావని అడిగినచో, మూడవమారు చెప్పుటకు ఆ ముసలి ప్రాణమునకు మనసొప్పదు. నవ్వునప్పుడు కొంగు అడ్డము పెట్టుకొనుట, పెండ్లి పంక్తికి పోక ఇంటనే తినుట, రచ్చబండమీద ఊరకే వినుచు కూర్చుండుట ఇట్లు ఆరంభమగును. వేమన సమాధి గల కటారుపల్లె కదిరి ప్రాంతములోనిదే. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించుటకు ముందు ఆ పద్యములను తరతరములకు అందించినవి తాటాకులతోపాటు పెద్దల నోళ్ళు. అట్టి సీమలో పెద్దల మాట వినబడకపోవుట ఇంటివారికిని నష్టమే.

ఈ నష్టము తప్పనిది కాదని నిరూపించిన దేశము జపాను. 1989లో అక్కడి ఆరోగ్య శాఖయు దంతవైద్య సంఘమును కలిసి ఒక ఉద్యమమును చేపట్టినవి. ఎనుబదియేండ్ల వయసున ఇరువది సొంత దంతములు నిలువవలెనన్నది దాని లక్ష్యము. ఇరువది పండ్లున్నచో కట్టుడు పండ్ల సాయము లేకయే చాలవరకు అన్ని ఆహారములను నమలవచ్చును. అప్పటికి ఆ దేశమున ఎనుబది దాటినవారిలో అట్టివారు పదింట ఒకరైనను లేరు. 2016లో జరిపిన సర్వేలో వారి సంఖ్య సగమునకు మించినది. ఒక తరము గడచులోపల మానవ శరీర ధర్మము మారదు. మారినది జనుల అలవాటు, వైద్యపు అందుబాటు. వయసువలన పండ్లు ఊడునను వాదమునకు ఇంతకన్న సమాధానము అక్కరలేదు.

ఇంటివారు చేయదగినవి కష్టమైనవి కావు. వేపపుల్లను నిందింపవలసిన పని లేదు. దంతకాష్ఠము పండ్రెండంగుళముల పొడవుండవలెనని సుశ్రుతుడు చెప్పిన నాటినుండి అది మన నోటిని కాచినది. కాని పుల్లను నమలి కుంచెగా చేయుటకు గట్టి దవడ పండ్లు కావలెను. వేరు బయటపడిన పంటిమీద మొరటుగ రుద్దినచో అరుగును. కాబట్టి ముసలివారికి మెత్తని కుచ్చుగల బ్రష్షు మేలు. చేతికి పట్టు చాలనివారికి బ్రష్షు కాడకు గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చినచో చాలును. ఉదయము తోముట అందరికిని అలవాటే. రాత్రి పడుకొనబోవుముందు తోముట అంతకన్న ముఖ్యము, నిద్రలో లాలాజలము తగ్గును గనుక. భోజనానంతరము నీటితో పుక్కిలించు పూర్వాచారమును మానరాదు. నోరెండినప్పుడు చక్కెర బిళ్ళలు చప్పరించుటకన్న తరచు గ్రుక్కెడు నీరు త్రాగుట మంచిది.

కట్టుడు పండ్లున్నవారు రాత్రి వానిని తీసి, కడిగి, చన్నీటిలో ఉంచవలెను. మరిగిన నీటిలో వేసినచో వంకర పోవును. రేయింబవళ్ళు పెట్టుకొన్నచో చిగురు ఒరసి బూజు పట్టును. ఒక్క దంతమును లేనివారు సైతము చిగుళ్ళను, నాలుకను తడిగుడ్డతో తుడుచుకొనవలెను. పండ్లు లేని నోటికి వైద్యుడెందుకనుట సరికాదు. క్యాన్సరు పుండ్లు చిగురుమీదను, బుగ్గలోను పుట్టును.

పక్షవాతము తగిలి మంచము పట్టినవారి విషయమున మరింత జాగ్రత్త కావలెను. స్పర్శ తప్పిన వైపు బుగ్గలో అన్నము నిలిచిపోవును. వారికి అది తెలియదు. తల ఎత్తి కూర్చుండబెట్టి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డతో బుగ్గల లోపలను, చిగుళ్ళను తుడువవలెను. నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. ఇది శుభ్రతకొరకు మాత్రమే కాదు. జపానులో 11 వృద్ధాశ్రమములందు రెండేండ్లు జరిపి 1999లో ప్రకటించిన పరిశోధనలో, భోజనానంతరము నోరు శుభ్రము చేయబడిన వృద్ధులకు న్యుమోనియా తక్కువగ వచ్చినదని తేలినది. నోటిలోని క్రిములే నిద్రలో ఊపిరితిత్తులకు దిగునని దీని అర్థము. తడిగుడ్డ పట్టిన కోడలి చేయి ఆ క్షణమున వైద్యుని చేతితో సమానము.

ఇంటివారు చేయలేనిది ప్రభుత్వము చేయవలెను. 2007నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పోషణ అను మాటలో తిండి, బట్ట, నివాసములతోపాటు వైద్యమును చేర్చినది. పంటి వైద్యము వైద్యము కాదని ఆ చట్టము చెప్పలేదు. 2010-11లో వృద్ధుల ఆరోగ్య కార్యక్రమము, 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము కేంద్రము ఆరంభించినది. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. కాని నల్లచెరువు పల్లెలోని మోకాళ్ళ నొప్పుల అవ్వకు కదిరియే దూరము. కడప మరియు దూరము. ఒక పన్ను నింపించుకొనుటకు తోడుగ వచ్చువాని కూలి పోవును, బస్సు చార్జీలగును; రెండవమారు రమ్మన్నచో ఆమె పోదు. చౌకగ ముగియునది పన్ను తీయించుటయే గనుక, నిలుపదగిన పన్నును కూడ తీయించుకొనుట పేదవారికి గతి యైనది. కంటి శుక్లములకు ఊరూర శిబిరములు పెట్టి, మనుషులను తీసికొనిపోయి, చూపు తెప్పించి తిరిగి దింపిన ఆచారము మన నాట కలదు. వైద్యుడు ఊరికి వచ్చు ఆ పద్ధతి పంటికిని వర్తింపవలెను. నెలనెల పింఛను పంచు దినమున వృద్ధుల నోరు ఒకమారు తెరిపించి దీపము వేసి చూచినచో, ఎన్ని పుండ్లు వేళకు బయటపడునో!

ఆ ఏర్పాటు వచ్చువరకు ఇంటింట ఒక పని చేయవచ్చును. ఈ ఆదివారము భోజనమునకు కూర్చున్నప్పుడు ఇంటి పెద్దలను, తిన్నారా యని గాక, ఈ మధ్య ఏమేమి తినుట మానినారని అడుగవలెను. మానినవాని పేర్లు వారు ఒక్కొక్కటిగా చెప్పుదురు. ఆ పట్టికలో చెనిక్కాయయు, జొన్నరొట్టెయు ఉన్నచో అది వయసు వ్రాసిన వ్రాత యని సరిపెట్టుకొనక, వారి చేయి పట్టుకొని దంతవైద్యునియొద్దకు తీసికొనిపోవుట పిల్లల విధి.